మీటింగుల్లో చొరవ తక్కువట

పడుకుందామనే అనుకున్నాను. లైటు తీసేశాక కూడా ఆ ఒక్క వాక్యం బుర్రలోంచి పోకపోతే ఇంక లాభం లేదని లేచి వచ్చి కూర్చున్నా. ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో చదువుతున్న మేనేజ్‌మెంట్ డిగ్రీలో మూడో టర్మ్ గ్రేడ్లు వచ్చాయి. ఆపరేషన్స్ పేపర్లో బి ప్లస్.

బి ప్లస్ వస్తే కొంప మునిగేదేమీ లేదని నాకూ తెలుసు. పది పాయింట్ల లెక్కలో ఓ అంటే 10, ఏ ప్లస్ 9, ఏ 8, బి ప్లస్ 7. బ్యాంకులో ఇంత సర్వీసు పెట్టుకుని, ఈ వయసులో, ఏడుకీ ఎనిమిదికీ మధ్య నీకేం పోయింది అని పొద్దున ఆయన అననే అన్నారు. సగం కోపం ఆయన అలా అన్నందుకు. మిగతా సగం ఆ వాక్యం మీద. గ్రూపు ప్రాజెక్టు అయ్యాక టీమ్ వాళ్లు ఒకరికొకరు మార్కులు వేసుకునే ఫారం ఒకటి ఉంటుంది, పీర్ ఇవాల్యుయేషన్, ఎవరు ఎంత వేశారో పేర్లు కనపడవు. దాని కింద ఎవరో పుణ్యాత్ములు రాశారు: "మీటింగుల్లో ఇంకాస్త చొరవ చూపాల్సింది."

చొరవ!

అసలు ఆ టాపిక్ ఎవరిదండీ? ఏదో ఒక సప్లై చెయిన్ తీసుకుని, సరుకు ఎక్కడ ఆగుతోంది, డబ్బు ఎక్కడ ఆగుతోంది చూపించమన్నారు. అందరూ ఆన్‌లైన్ డెలివరీల మీద చేద్దాం, దానికైతే నెట్‌లో డేటా దొరుకుతుంది అంటుంటే, గుంటూరులో కూర్చుని నేను డెలివరీ బళ్ల గురించి రాయడమేంటి, మిర్చి చేద్దాం అన్నది నేను. రెండో శనివారం బ్యాంకు సెలవైతే ఇంట్లో పని వదిలేసి ఎండలో కోల్డ్ స్టోరేజీల చుట్టూ తిరిగింది నేను. రైతు దగ్గర్నుంచి దిగుమతి వ్యాపారికి (అంటే యార్డులో రైతు సరుకు దించుకుని అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు), అక్కణ్ణించి ఎగుమతి వ్యాపారికి, మధ్యలో హమాలీలు, కాటా, తరుగు, తొడిమలు తీసే ఆడవాళ్లు, ఆ పటం మొత్తం గీసిందీ నేనే. బెంగళూరు ఆయన (గుర్తుండే ఉంటాడు, పోయిన టర్మ్‌లో క్లాసు జరుగుతుండగా కెమెరా ఆపకుండా భోంచేసిన మనిషి) చివరి రోజు స్లైడ్లకి రంగులు మార్చి, ప్రెజెంటేషన్ తనే ఇచ్చాడు. బాగానే ఇచ్చాడు, కాదనను. తేజ రకం మిర్చికీ 334 రకానికీ తేడా తెలియకుండానే పావుగంట సేపు ఎక్కడా తడుముకోకుండా మాట్లాడాడు. ఆయనకి ఏ ప్లస్. లీడర్‌షిప్ కాలమ్‌లో అందరూ పదికి పది వేసినట్టున్నారు.

నేను మీటింగుల్లో నోరు విప్పలేదు, నిజమే. మీటింగులు రాత్రి తొమ్మిదిన్నరకి. ఆ టైములో మా ఇంట్లో ఏముంటుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అత్తయ్య సీరియల్, కుక్కర్ కూతలు, పెద్దదాని ఫిజిక్స్ టెన్షన్. మ్యూట్ తీస్తే ఇదంతా పుణె, బెంగళూరు, హైదరాబాద్ కలిసి వినాలి. అందుకని చెప్పాల్సింది చాట్‌లో టైపు చేసేదాన్ని. చాట్ ఎవరు చదువుతారు?

దీన్ని మించిన కామెడీ ఇంకోటుంది. ఆ మూడో టర్మ్‌లోనే హెచ్ఆర్ పేపర్లో జాక్ వెల్చ్ గురించి చెప్పారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి అధిపతిగా ఉన్నప్పుడు ఉద్యోగుల్ని పైన 20, మధ్యన 70, అడుగున 10 శాతంగా విడగొట్టి, అడుగు పది శాతాన్ని ఇంటికి పంపమనే పద్ధతి ఆయనది. అలా ర్యాంకులు కట్టడం వల్ల పక్కవాడికి సాయం చేసే బుద్ధి పోతుందని, మైక్రోసాఫ్ట్ అలాంటి పద్ధతిని 2013లో ఎత్తేసిందని సార్ చక్కగా వివరించారు. వివరించి, మాకు గ్రేడ్లు మాత్రం ఆ దారిలోనే ఇచ్చారు! క్లాసు సగటు ఎంత, దానికి నువ్వెంత పైన ఉన్నావు, ఎంత కింద ఉన్నావు, దాన్నిబట్టి అక్షరం. నాకెంత వచ్చిందన్నది తర్వాత, పక్కవాళ్లకి ఎంత వచ్చిందన్నది ముందు.

గ్రూపు పని గురించి కూడా వాళ్లే చెప్పారు. రింగెల్‌మాన్ అని ఒక ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు, మనుషుల చేత తాడు లాగించి చూసి 1913లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగేటప్పుడు ఒక్కొక్కరు పెట్టే బలం, ఒంటరిగా లాగినప్పటితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయిందట. మా టీమ్‌లో ఐదుగురమే. ఎనిమిది మంది దాకా అక్కర్లేకపోయింది.

పోనీ ఇదంతా కలిపి ఎన్ని మార్కులు అంటారా? ఆన్‌లైన్ డిగ్రీలకి యూజీసీ 2020 నిబంధనల ప్రకారం టర్మ్ మధ్యలో పెట్టేవాటికి 30 శాతం మించకూడదు, చివరి పరీక్షకి కనీసం 70 ఉండాలి. ఆ 30లోనే క్విజ్‌లు, కేస్ స్టడీ, చర్చలు, ప్రాజెక్టు. (చర్చలంటే ఒకరు నాలుగు లైన్లు రాస్తే ఇరవై మంది కింద "బాగా చెప్పారు, నేనూ ఏకీభవిస్తున్నాను" అని రాయడం. దానికీ మార్కులే.) ప్రాజెక్టులో మళ్లీ ఈ పీర్ మార్కులు ఓ చిన్న ముక్క. పెద్దది కాగితం మీద లెక్కేసి, ఇవి పూర్తిగా పడినా ఏ వచ్చేది కాదేమో అమ్మా అంది. నేను వినదలుచుకోలేదు.

గ్రేడ్ అన్న మాట నేను మొదట విన్నది మిర్చి యార్డులోనే. తొమ్మిదో తరగతి పరీక్షలైపోయిన వారం, నేనూ వస్తానని గొడవ చేస్తే నాన్న తీసుకెళ్లాడు. ఆ ఏడు మాది 334 కాయ, గుంటూరు పక్కన మన లాం పరిశోధన కేంద్రం వాళ్లు తయారుచేసిన రకం. రాత్రి లారీలో టిక్కీల (మిర్చి బస్తాల) మీద కూర్చుని బయల్దేరితే తెల్లారేసరికి గుంటూరు. లోపలికి అడుగు పెట్టగానే ఒకటే తుమ్ములు, కళ్లలో నీళ్లు. అమ్మ ముక్కుకి కట్టుకోమని ఇచ్చిన ఓణీ నేను లారీలోనే వదిలేశా. కాసేపటికి వ్యాపారి వచ్చాడు. ఒక టిక్కీ కుట్టు విప్పించి, మచ్చుకి పిడికెడు కాయ తీసి, ఒకటి విరిచి గింజ చూసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "మీడియం" అన్నాడు. డీలక్స్, బెస్ట్, మీడియం, అన్నిటికీ కింద తాలు, అంటే రంగు పోయిన కాయ. నాన్న మొహంలో నెత్తురు లేదు. ఆ కాయలో తాలు ఏరడానికి అమ్మా నాయనమ్మా కళ్లంలో ఎన్ని పొద్దులు కూర్చున్నారో నాకు తెలుసు. "అడుగు నుంచి తీసి చూడండి" అన్నాడు నాన్న. ఆయన చూళ్లేదు. "రంగు తగ్గిందయ్యా, తేమ కూడా ఉంది" అనేసి పక్క లాటు దగ్గరికి పోయాడు. ఆ లాటు మా ఊరి వాళ్లదే. పైపైన ఎర్రగా మెరిసే కాయ, అడుగున ఏముందో వాళ్లకీ మాకూ తెలుసు. దానికి బెస్ట్ పడింది.

బెంగళూరు ఆయన్ని ఎక్కడ చూశానా అనుకునేదాన్ని.

ఆ వ్యాపారి కనీసం చెయ్యి పెట్టి కాయ తీశాడు, వీళ్లు అదీ చెయ్యలేదు అని రాయబోయాను ఇక్కడ. రాస్తుంటే అదీ న్యాయంగా అనిపించట్లేదు. టీమ్ వాళ్లకి కనబడింది నా పేరు పక్కన మ్యూట్ గుర్తొక్కటే. పటం ఎవరు గీశారో ఆ ఫైల్లో ఎక్కడా రాసి లేదు, వాళ్లకి కల వస్తుందా? సగటు పెట్టి అక్షరాలివ్వడం కూడా ఆలోచిస్తే అంత పాపమేం కాదు. ఒక సార్ చచ్చేంత కష్టంగా పేపరిస్తారు, ఇంకో మేడమ్ చేతికి ఎముక లేకుండా మార్కులేస్తారు, ఆ తేడా ఎక్కడో ఒకచోట సర్దాలి కదా. బ్రాంచిలో ఏటా అప్రైజల్స్ రాసేటప్పుడు నేను చేసేదీ ఇంచుమించు ఇదే, అందరికీ మొదటి రేటింగ్ ఇస్తే పైవాళ్లు ఊరుకోరు.

అయినా కోపం పోలేదు. ఎందుకా అని చూస్తే, నాన్న ఆ రోజు మీడియం రేటుకి సరుకివ్వలేదు. అదీ సంగతి. "ఇవ్వనండీ" అని ఒక్క మాట అని, టిక్కీలన్నీ మళ్లీ లారీకెక్కించి కోల్డ్ స్టోరేజీలో దించేశాడు. సరుకు దించినందుకు స్టోరేజీ వాళ్లిచ్చిన బాండు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, నాకు శంకర్ విలాస్ సెంటర్లో టిఫిన్ పెట్టించి ఇంటికి తీసుకెళ్లాడు. దసరా దాటాక రేటు పెరిగింది. పెరిగిందంతా స్టోరేజీ అద్దెకీ, బాండు మీద తెచ్చిన అప్పు వడ్డీకీ సరిపోయింది, మిగిలింది సున్నా. కానీ ఊళ్లో ఎవరడిగినా నాన్న గెలిచొచ్చినట్టే చెప్పేవాడు, ఆయన చెప్తున్నంతసేపూ వంటింట్లో అమ్మ గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేది.

నా బి ప్లస్‌ని ఏ స్టోరేజీలో పెట్టుకోను? చివరి పరీక్ష పేపరుకైతే ఫీజు కట్టి రీవాల్యుయేషన్ అడగొచ్చు. పీర్ మార్కులకి అప్పీల్ లేదని హ్యాండ్‌బుక్‌లోనే ఉంది. అయినా మెయిల్ పెట్టాను. మీ అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాం అని జవాబొచ్చింది, నేను సెండ్ నొక్కిన నిమిషంలోనే.

అన్నట్టు ఫైనాన్స్‌లో ఓ వచ్చింది. దాని గురించి రాయవా అమ్మా అంది పెద్దది. రాశానుగా.

ఈ గ్రేడ్లు వచ్చేలోపు నాలుగో టర్మ్ సగమైపోయింది, దాని పీర్ ఫారం రేపు రాత్రి 11:59కి మూసేస్తారు. టీమ్ మారింది గానీ బెంగళూరు ఆయన మళ్లీ నా టీమ్‌లోనే పడ్డాడు. ఆయనకి 6 వేశాను. మరీ కక్ష కట్టినట్టుందని 8 చేశాను. ఇందాక నిద్ర పట్టక లేచినప్పుడు 7కి దించాను. కారణం రాయడం తప్పనిసరట, కనీసం యాభై పదాలు. ఇక్కడ ఇంత రాశానా, అక్కడ పది కూడా రావట్లేదు. ఇందులోంచే ఓ ముక్క కోసి అతికిద్దామంటే అన్నీ మిరపకాయలే.