అంచుకో వెలుగు, ఒంటికో వెలుగు

గద్వాల చీరను ఫోటో తీయడం ఎంత తలనొప్పో ఆ చీరలు అమ్మేవాళ్లకే తెలుసు. ఒళ్లేమో నూలు, అంచూ పల్లూ పట్టు. నూలు మీద పడ్డ వెలుతురు అందులోనే ఇంకిపోతుంది, పట్టు మీద పడ్డది ఎగిరి మన కంట్లో పడుతుంది. ఒంటి రంగు సరిగ్గా రావాలని తీస్తే అంచులో జరీ తెల్లగా పాలిపోతుంది. జరీ పోగులు విడివిడిగా కనపడాలని తీస్తే ఒళ్లు మసిబారుతుంది. నేను కర్నూలులో ఇంటి నుంచే ఈ చీరలు అమ్ముతాను. కొనేవాళ్లలో చాలామంది గుడ్డను ముట్టుకోకుండా, ఫోటో చూసి డబ్బు పంపేవాళ్లే. వాళ్లకు చీరంటే ఆ ఫోటోయే.

ఈ చిక్కు విప్పింది లేయర్ మాస్క్, అంటే ఫోటోలు దిద్దే యాప్‌లో ఒక పొర (లేయర్) ఎక్కడ కనపడాలో ఎక్కడ దాగాలో చెప్పే ముసుగు. మా ఇంట్లో కంప్యూటర్ ఉంది కానీ దాని మౌస్‌తో అంచు వెంబడి గీయడం నా వల్ల కాదు. ట్యాబ్లెట్ మీద స్టైలస్‌తో అయితే ముగ్గు వేసిన చెయ్యి తనంతట తానే తిరుగుతుంది.

పద్ధతి ఇదీ. ఫోనును స్టాండుకు బిగించి, చీరను కదపకుండా రెండు ఫోటోలు తీస్తాను: ఒకటి ఒంటికి సరిపడే వెలుగుతో, ఇంకొకటి కాస్త చీకటిగా, అంచుకు సరిపడేలా. యాప్‌లో మొదటిది కింద పొర, రెండోది పై పొర. పై పొరకు మాస్క్ తగిలించి, దాన్నంతా నల్లగా మార్చేస్తాను. మాస్క్‌లో నలుపున్న చోట ఆ పొర కనపడదు, తెలుపున్న చోట కనపడుతుంది. అంటే ఇప్పుడు పై పొర మొత్తం మాయమై కింది ఫోటో ఒక్కటే మిగిలింది. ఇక తెల్ల బ్రష్ తీసుకుని అంచు మీదుగా గీసుకుంటూ పోతే, గీసినంత మేరా పాలిపోయిన జరీ పోయి అసలు జరీ బయటపడుతుంది. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణం నాకు సరదాగానే ఉంటుంది.

ఇక్కత్ నేతలో చిటికి కట్టడం చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. నూలు చిలపలకు రబ్బరు పట్టీ గట్టిగా చుట్టిన చోట రంగు అంటదు, వదిలిన చోట అంటుతుంది. కట్టు అంచుల్లో రంగు కాస్త లోపలికి పాకి ఆ అందమైన చెదురు వస్తుంది. మాస్క్‌లో ఆ చెదురు పని బూడిద రంగుది. నలుపు 0, తెలుపు 255, మధ్యలోవన్నీ సగం సగం కనపడే మెట్లు. తేడా ఒకటే: రంగు తొట్టిలో ముంచాక చిటికి మళ్లీ కట్టలేం, మాస్క్‌ను ఎప్పుడైనా తిరిగి దిద్దవచ్చు. అందుకే యాప్‌లోని ఎరేజర్‌తో చెరిపే పని నాకు గిట్టదు. చెరిపితే ఆ బొమ్మ ముక్క పోయినట్లే. మాస్క్ దాన్ని దాచిపెడుతుంది, అంతే.

అసలు కష్టం కోటకొమ్మ దగ్గర మొదలవుతుంది. గద్వాల అంచు తిన్నని గీత అయితే ఎంత బాగుండేది! కోట బురుజుల్లాగా కొనలు వరసగా ఒంట్లోకి చొచ్చుకుని ఉంటాయి. ఆ కొనల మీద మెత్తని బ్రష్ వాడితే చీకటి ఫోటో నూలు మీదికి ఒలికి, ప్రతి కొన చుట్టూ మాసినట్లు ఒక నీడ పడుతుంది. చూసేవాళ్లు రంగు కారిందేమో అనుకుంటారు. కాబట్టి ఇక్కడ గట్టి అంచున్న సన్నని బ్రష్ కావాలి. నేను కొన కొనకూ కచ్చితంగా గీయను. ముందు కొంచెం బయటికి పోయేలా తెలుపు ధారాళంగా వేసి, తర్వాత నల్ల బ్రష్‌తో ఒంటి వైపు నుంచి కోసుకుంటూ వస్తాను. కొన మొన ఇలాగైతేనే పదునుగా తేలుతుంది. మెత్తని బ్రష్‌ను పల్లూ మడతల కోసం దాచుకుంటాను, అక్కడ వెలుగు నీడలోకి మెల్లగా జారాలి కాబట్టి.

రంగు సంగతి వేరే. వంగపండు రంగు చీరను నా ఫోను కెమెరా ఎప్పుడూ నీలం వైపు లాగుతుంది. హ్యూ (రంగు ఛాయను మార్చే) మీట జరిపితే ఒళ్లు దారికొస్తుంది, కానీ చిలకపచ్చ అంచు కూడా దాంతో పాటే జరిగి గడ్డి రంగవుతుంది. దీనికి కొత్తగా గీయాల్సిన పని లేదు. అంచు కోసం గీసిన మాస్క్‌కు నకలు తీసి, రంగు సవరించే పొరకు తగిలించి, ఇన్వర్ట్ నొక్కితే నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. ఒంటికి మాస్క్ సిద్ధం. వెనకాల గోడా చీర పరిచిన మంచమూ కూడా తెలుపులోకి వచ్చేస్తాయి, వాటిని పెద్ద నల్ల బ్రష్‌తో తుడిచేస్తే సరి. మనిషినో వస్తువునో తానే పట్టి ఇచ్చే బొత్తం నా యాప్‌లో ఉంది. అది చీరను మొత్తంగా పట్టుకుంటుంది, అంచుకూ ఒంటికీ తేడా దానికి తెలియదు. ఆ తేడా తెలిసిన చెయ్యి నాదే కనుక దాని మీద నాకు కోపం లేదు.

కొత్తవాళ్లు ఎక్కువగా విసుగెత్తి వదిలేసే చోటు ఒకటుంది. పొర పక్కన రెండు చిన్న బొమ్మలుంటాయి, ఒకటి ఫోటోది, రెండోది మాస్క్‌ది. బ్రష్ పట్టే ముందు మాస్క్ బొమ్మనే నొక్కాలి. ఫోటో బొమ్మ ఎంపికై ఉంటే చీర మీద సున్నం కొట్టినట్లు తెల్ల గీతలు పడతాయి. గీసే ముందు ఏ బొమ్మ చుట్టూ గీత వెలుగుతోందో ఒకసారి చూసుకోండి.

మాస్క్ ఎక్కడ పడిందో చూపడానికి చాలా యాప్‌లు ఎర్రని పరదా కప్పుతాయి. ఇది అచ్చు ప్రెస్సుల నాటి అలవాటు. అప్పట్లో ప్లేట్ల కోసం వాడే ఒక రకం ఫిల్ముకు ఎరుపు కనపడదు, అందుకే ఎర్ర ఫిల్ము కత్తిరించి వెలుతురు అడ్డుకునేవారు. బాగానే ఉంది, కానీ నేను అమ్మేవాటిలో ఎర్ర చీరలకే గిరాకీ ఎక్కువ! ఎర్ర చీర మీద ఎర్ర పరదా వేస్తే ఏం కనపడుతుంది? అప్పుడు మాస్క్ ఒక్కదాన్నే నలుపు తెలుపుల్లో తెరిచి చూస్తాను. గీత మధ్యలో వదిలేసిన నల్ల చుక్కలన్నీ అక్కడ దొరికిపోతాయి. ఉచితంగా దొరికే స్నాప్‌సీడ్ యాప్‌తో మొదలుపెట్టేవాళ్లకు ఒక చిట్కా: నేను వాడినప్పుడు అందులో బ్రష్ పరిమాణం మార్చే మీట ఉండేది కాదు. బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేస్తే బ్రష్ దానంతటదే సన్నబడేది.

ఇంత చేసినా ట్యాబ్లెట్ తెర మనల్ని మోసం చేయవచ్చు. గది వెలుతురును బట్టి తెర రంగు మార్చే సదుపాయం, కళ్లకు హాయి అంటూ రాత్రి పూట పసుపు పూసే సదుపాయం, రెండూ ఆపేశాకే రంగు ముట్టుకుంటాను. ఆ పైన చివరి మాట మాకు చీరలిచ్చే నేత తమ్ముడిది. పోయినసారి ట్యాబ్లెట్ చేతికిస్తే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చీర కొంగు పక్కన పెట్టి చూసి, "అక్కా, ఒళ్లు సరిపోయింది. జరీ మాత్రం నేను వేసిన దానికంటే కొత్తగా ఉంది" అన్నాడు. నిజమే, చీకటిగా తీసిన పై పొర జరీని కొంచెం ఎక్కువ చిక్కగా చూపిస్తోంది. పొర అపారదర్శకత (ఒపాసిటీ) కాస్త తగ్గించాను, మాస్క్ జోలికి పోకుండానే. "ఆ, ఇప్పుడు నాదే" అన్నాడు.

నూలులో అక్కడక్కడా తేలే ముడిని మాస్క్‌తో దాచమని అడిగేవాళ్లున్నారు. దాచను. మగ్గం మీది గుడ్డకు ముడి ఉంటుంది, కావాలంటే దాన్ని దగ్గరగా చూపే ఫోటో ఒకటి అదనంగా పంపుతాను.

పని అయ్యాక పొరలున్న ఫైలును విడిగా దాచి, పంపడానికి జేపెగ్ తీసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతి ఎంచుకోండి, లేకపోతే మీ తెర మీద కుదిరిన వంగపండు ఇంకొకరి ఫోనులో వెలవెలబోవచ్చు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే జరీ పోగులు కలిసిపోతాయి, డాక్యుమెంటుగా పంపండి. కోటకొమ్మ మీద అంత సేపు గీసింది ఆ కొనలు అవతలివాళ్లకు కనపడాలనే కదా.