గామా కిరణాల కింద వెండి కణం ఎలా పుడుతుంది?

నల్లగొండలో ఎమ్మెస్సీ విద్యార్థుల ముందు రేడియేషన్ మాట ఎత్తగానే ఎవరో ఒకరు జిల్లాలోని పెద్దగట్టు యురేనియం నిక్షేపాల సంగతి తీస్తారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. అయితే రేడియోధార్మిక కోబాల్ట్-60 నుంచి వచ్చే 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు వెండి నానోకణాలు చేయడానికి సీసాలో పోసిన సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని రేడియోధార్మికంగా మార్చలేవు. అవి చేసేది కేవలం రసాయనిక చర్యే.

ఆ చర్య వెండితో కాక నీటితో మొదలవుతుంది. వెండి అయాన్లు పలుచగా ఉంటాయి కనుక కిరణాల శక్తిని దాదాపు మొత్తంగా నీరే గ్రహిస్తుంది. దాంతో హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్లు (నీటి అణువులు చుట్టుముట్టిన విడి ఎలక్ట్రాన్లు), హైడ్రోజన్ పరమాణువులు, హైడ్రాక్సిల్ రాడికల్స్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన OH ముక్కలు) పుడతాయి. మొదటి రెండూ వెండి అయాన్‌ను క్షయకరిస్తాయి, అంటే ఎలక్ట్రాన్ ఇచ్చి వెండి పరమాణువుగా మారుస్తాయి. మూడవది ఆ పరమాణువును మళ్లీ ఆక్సీకరిస్తుంది, అంటే ఎలక్ట్రాన్ లాక్కుని అయాన్‌గా మారుస్తుంది. అందుకే ముందే కొంత ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్ కలుపుతారు. అది హైడ్రాక్సిల్‌ను హరించి, తానే క్షయకరణ రాడికల్‌గా మారుతుంది. ఇక సీసా సంగతి: మా బోరు నీటితో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో తొలపకుండా వాడితే, సిల్వర్ నైట్రేట్ పోసీపోయగానే క్లోరైడ్ వల్ల తెల్లటి మసక కమ్ముతుంది.

అసలు కష్టమంతా మొదటి పరమాణువుదే. వెండి లోహపు ముక్కకు క్షయకరణ పొటెన్షియల్ (అయాన్ ఎంత సులువుగా ఎలక్ట్రాన్ తీసుకుంటుందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ కష్టం) +0.8 వోల్టులుండగా, నీటిలోని ఒంటరి పరమాణువుకు అది సుమారు −1.8 వోల్టులు, మామూలు క్షయకరణులకు అందని ఆ లోతును −2.9 వోల్టుల హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్ తేలికగా అందుకుంటుంది. పుట్టిన పరమాణువు పక్కనున్న అయాన్‌తో జతకట్టి, ఆ జతలు కలిసి గుచ్ఛాలై, గుచ్ఛం పెరిగేకొద్దీ స్థిరపడుతుంది. పాలీవినైల్ పైరోలిడోన్ వంటి పాలిమర్ వాటిని చుట్టుకోకపోతే అవి గుమిగూడి అడుగున పేరుకుంటాయి. 400 నానోమీటర్ల దగ్గర కాంతిని గ్రహించే ఆ కణాల వల్ల ద్రావణం పసుపు రంగు తేలుతుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది డోసు రేటు, అంటే ద్రావణం కిరణాల శక్తిని గ్రహించే వేగం. రేటు ఎక్కువైతే ఒక్కసారిగా కణాలకు బీజాలైన కేంద్రకాలు లెక్కలేనన్ని పుట్టి కణాలు చిన్నవిగా మిగులుతాయి. తక్కువైతే అయాన్లు అప్పటికే పుట్టి ఉన్న కణాల మీదికే చేరి, అక్కడే క్షయకరణం పొంది, వాటిని పెంచుతాయి. బంగారం, వెండి అయాన్లు కలిసి ఉన్న ద్రావణంలో ఈ తేడా కణం లోపలి నిర్మాణం దాకా వెళుతుంది. రేటు తక్కువగా ఉంటే వెండి తన ఎలక్ట్రాన్‌ను బంగారానికి ఇచ్చేసేంత వ్యవధి దొరుకుతుంది కనుక బంగారం లోపల, వెండి పైపొరగా ఏర్పడతాయి. రేటు చాలా ఎక్కువగా ఉంటే ఆ వ్యవధి లేక రెండూ కలిసిపోయి మిశ్రమలోహపు కణమవుతుంది.