బీరువా వెనక గోడ

పట్టుచీరలు ముక్కిన వాసన వస్తున్నాయని అమ్మ జూన్ నుంచీ అంటూనే ఉంది. కలరా ఉండలు ఇంకో నాలుగు వేసి ఊరుకున్నాను. జులైలో బీరువా జరిపి చూస్తే, వెనక గోడంతా నల్లటి బూజు.

మాది మూసాపేటలో రెండో అంతస్తు, అద్దె ఇల్లు. ఫోటోలు పంపితే ఓనర్ అంకుల్ ఫోన్ చేసి, "కిటికీలు మూసుకుని ఇంట్లో బట్టలారేస్తే అంతేనమ్మా" అన్నారు. వానలకు మేం గదిలోనే ఆరేస్తున్న మాట నిజం. దాంతో నోరు పెగల్లేదు.

కానీ చెమ్మ గది గాలిదా, గోడలోదా? ఒక ప్లాస్టిక్ కవరు కత్తిరించి, నాలుగు పక్కలా టేప్ వేసి గోడకి అంటించాను. గాలిలో తేమే అయితే కవరు బయటి వైపు చెమ్మ పట్టాలి. రెండు రోజుల తర్వాత చూస్తే బొట్లు గోడ వైపు ఉన్నాయి. పైన, స్లాబు కింద పసుపు మరక కూడా ఉంది. దాని మీద మూడో అంతస్తు వాళ్ల బాత్రూం.

"మా దగ్గర లీకేజీ ఏమీ లేదు" అన్నారు పై ఆంటీ. ప్లంబర్‌ని పిలిచాం. ఆయన వాళ్ల బాత్రూంలో నీళ్లు పోయే నానీ ట్రాప్‌లో గుడ్డ కుక్కి, రెండంగుళాలు నీళ్లు నిలబెట్టి, అందులో బట్టలకేసే నీలం కలిపాడు. మర్నాటికి మా గోడ మీద లేత నీలం చార! ఆంటీ కిందికొచ్చి, కాసేపు చూసి, "కాఫీ తాగుతావా?" అన్నారు.

ఖర్చు ఎవరిదన్న దగ్గర నెల గడిచిపోయింది. మా ఓనరూ, పై ఇంటి ఓనరూ ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. అప్పుడు, చదవకుండా సంతకం పెట్టిన 11 నెలల అగ్రిమెంటు తీసి చూశాను. పెద్ద మరమ్మతులు యజమానివే అని రాసుంది. లాయరైన మా బాబాయ్ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ చూపించాడు: తాను చేయాల్సిన మరమ్మతు గురించి నోటీసు ఇచ్చాక కూడా ఓనర్ తగిన గడువులో చేయకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. "అలాగని అద్దె మొత్తం ఆపేయకు" అని కూడా అన్నాడు. ఫోటోలు, తేదీలతో మర్యాదగా ఒక ఉత్తరం పంపాను. అద్దెలో కోత మాట ఎంత పనిచేసిందో గానీ, నాలుగో రోజుకల్లా మేస్త్రి వచ్చాడు.

పైన ట్రాప్ చుట్టూ టైల్స్ పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేశారు. కింద మాకు అదే రోజు పుట్టీ కొట్టేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. బూజుని పొడిగా గీకితే గాలిలోకి లేస్తుందని, మాస్క్ పెట్టుకుని, గోడ తడిపి, సబ్బునీళ్లతో నేనే రుద్దాను. ఉబ్బిన పెచ్చులు మేస్త్రితోనే కొట్టించాను. మూడు వారాలు ఫ్యాన్ పెట్టి ఆరాకే పెయింట్.

అంకుల్ ఆ ముక్క వరకే వేయించారు, రంగు కలవలేదు. మా దగ్గర ఇల్లు ఖాళీ చేస్తే పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకోవడం మామూలే కదా. ఈ గోడని అందులో కలపనని ఆయనతో ఇప్పుడే మెసేజ్ పెట్టించుకున్నాను.