ఇరింగా దారిలో సందుగ

టాంజానియాలో దార్ ఎస్ సలాం నుంచి ఇరింగాకు దాదాపు 500 కిలోమీటర్లు. సామానుకు విడిగా షిల్లింగులు గుంజారన్న చిరాకుతోనే తెల్లవారుజామున బస్సెక్కాను. మొరొగోరో, మికుమి అభయారణ్యం దాటేదాకా బాగానే నడిచిన బస్సు, కిటోంగా కనుమ ఇంకా మొదలుకాకముందే ఇంజను వేడెక్కి బావోబాబ్ చెట్ల మధ్య ఆగిపోయింది.

పక్క సీటు యువకుడు ఒక చిన్న కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడట. నాదీ అదే వృత్తి కావడంతో మాటలు కలిశాయి. "మా పిల్లలు ప్రాథమిక పాఠశాలలో స్వాహిలిలో చదివి, ఆ పైన ఒక్కసారిగా ఇంగ్లీషులో పడతారు సార్. వేరియబుల్ నిర్వచనం గడగడా అప్పజెబుతారు గానీ అదేమిటో తెలియదు" అంటూ, ప్రోగ్రాములో మారే విలువను దాచుకునే ఆ చోటును చూపించడానికి పుల్లతో ఎర్రమట్టిలో గడి గీసి, పైన ఒక పేరు రాసి, లోపల 7 వేసి, దాన్ని బొటనవేలితో చెరిపి 12 రాశాడు. "తరగతిలో దీన్ని 'సందుకు' అంటాను, స్వాహిలిలో పెట్టె అని."

ఆ మాట వినగానే ఒళ్లు ఝల్లుమంది. మా నాయనమ్మ మంచం కింది చెక్కపెట్టెను మేము సందుగ అనేవాళ్లం. రెండు భాషలకూ అది అరబ్బీ నుంచి వచ్చిన మాటే.

డేటాబేస్ పాఠానికి అతను ఎంచుకున్న ఉదాహరణ నన్ను ఇంకా ఆకట్టుకుంది. టాంజానియాకు 2008లోనే ఎంపెసా వచ్చింది కనుక, ఫోనులో డబ్బు పంపడం అక్కడి పిల్లలకు కొత్త కాదు. పంపేవారి ఖాతాలో డబ్బు తగ్గింది, అంతలో నెట్‌వర్క్ పోయింది, అందుకోవలసినవారికి అందలేదు: ఇప్పుడేం చేయాలి? జరిగితే రెండు పనులూ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదన్న సూత్రాన్ని పుస్తకం తెరవకముందే విద్యార్థులే చెప్పేస్తారట. విమానం టికెట్టును కంటితో చూడని వయసులో నేను అదే సూత్రాన్ని విమాన రిజర్వేషన్ల ఉదాహరణతో బట్టీపట్టాను. అది ఒంటబట్టడానికి ఉద్యోగంలో చేరి ఏళ్లు గడవవలసి వచ్చింది. నా విద్యార్థులకూ ఆ పాత ఉదాహరణే చెబుతూ వచ్చానన్న సంగతి అక్కడ నన్ను నిజంగా బాధించింది.

ఇరింగాలోని విశ్వవిద్యాలయంలో స్థానిక అవసరాలకు తగినట్టు మలచిన ఐటీ డిగ్రీ 2007లోనే మొదలైందని చదివే నేను బయలుదేరాను. అక్కడ గడిపిన రెండు రోజులూ మంచివే, కానీ మనసు ఆ మట్టిగీతల దగ్గరే ఉండిపోయింది.

డ్రైవరు హారన్ కొట్టాక, యువకుడు నా చేత నోటుపుస్తకంలో తెలుగు లిపిలో 'సందుగ' అని రాయించుకున్నాడు. దాని పక్కనే తన మాట రాసి, సోమవారం పిల్లలకు రెండూ చూపిస్తానన్నాడు.