అల్వరాడో వీధిలో బోర్డు కూడా లేదు

లాస్ ఏంజెలెస్‌లో మిగతా రోజులన్నీ అందరూ చూసేవే చూశాం, వాటి గురించి రాయను. నాకు ఒళ్లు మండింది సౌత్ అల్వరాడో వీధిలో. వెస్ట్‌లేక్ మెట్రో స్టేషన్‌లో దిగి ఎండలో నడుచుకుంటూ 404 నంబరు చోటికి వెళ్తే కార్ల పార్కింగ్ తప్ప ఏమీ లేదు. మూకీల దర్శకుడు విలియం డెస్మండ్ టేలర్‌ని 1922 ఫిబ్రవరి 1 రాత్రి కాల్చి చంపింది ఇక్కడున్న ఇంట్లోనే. మన దగ్గరైతే పక్కనున్న టీకొట్టాయనైనా చెయ్యి చాపి చూపించేవాడు!

చంపిందెవరని అక్కడే నిలబడి మా బావమరిదితో వాదన. టేలర్ పాత పనివాడు ఎడ్వర్డ్ శాండ్స్ మీద వాడికి అనుమానం. ఫోర్జరీ చెక్కులతో డబ్బు కాజేసి పారిపోయాడు, మళ్లీ దొరకలేదు, నిజమే. కానీ దొంగే అయితే జేబులో 78 డాలర్లూ, వేలికి వజ్రపుటుంగరమూ వదిలేసి పోతాడా? నా అనుమానం షార్లెట్ షెల్బీ మీద. ఆవిడ కూతురు, హీరోయిన్ మేరీ మైల్స్ మింటర్, పంతొమ్మిదేళ్ల పిల్ల, టేలర్‌కి ప్రేమలేఖలు రాసింది. తల్లి దగ్గర .38 సైజు తూటాలు పేల్చే పిస్టల్ ఉండేది, టేలర్‌కి తగిలిన తూటా కూడా .38దే. అయినా కేసు పెట్టలేదు. ఆ సాయంత్రం టేలర్‌తో మాట్లాడి, ఆయనే కారు దాకా వచ్చి సాగనంపితే వెళ్లిపోయిన నటి మేబెల్ నార్మండ్ పేరు మాత్రం పత్రికలు రచ్చకీడ్చాయి. అది ఘోరం.

అసలు కేసు మర్నాడు పొద్దున్నే పాడైంది. డాక్టర్నని చెప్పుకున్న ఎవరో చూసి కడుపులో రక్తస్రావం అన్నాడట! శవాన్ని తిప్పాక గానీ వీపులో తూటా గాయం కనపడలేదు. ఈలోగా స్టూడియో మనుషులు వచ్చి ఉత్తరాలు, కాగితాలు పట్టుకుపోయారు. సాక్ష్యాలు అలా చేతులు మారాక పోలీసులు ఏం తేలుస్తారు?

అక్కడి నుంచి హాలీవుడ్ ఫరెవర్ శ్మశానానికి వెళ్లాం. జనమంతా మూకీల హీరో వాలెంటినో సమాధి దగ్గరే. అదే భవనంలో ఉన్న టేలర్ రాతి పలక మీద సినిమాల్లో వాడుకున్న పేరు లేదు, అసలు పేరు విలియం డీన్-టానర్, ఎథెల్‌కి ప్రియమైన తండ్రి అని ఉంది. 1908లో న్యూయార్క్‌లో భార్యనూ ఈ కూతుర్నీ వదిలేసి వెళ్లిపోయిన మనిషి! అక్కడ నాకు కాళ్లు కదల్లేదు.

తిరుగు బస్సులో మా వాడు మార్గరెట్ గిబ్సన్ పేరెత్తాడు. 1964లో చనిపోయే ముందు తనే చంపానని ఆ నటి ఒప్పుకుందని పొరుగువాళ్లు చెప్పిన మాట. దానికి రుజువేది? పిస్టలున్న షెల్బీని వదిలేసి నేను అటు వెళ్లనన్నాను, వాడు ఒప్పుకోలేదు.