మా ఆయన తలలో లాక్స్: జనవరి నుంచి జూన్ దాకా

మా ఆయన నల్లజాతి అమెరికన్, హ్యూస్టన్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచీ బార్బర్ దగ్గర పొట్టిగా ఫేడ్ (పక్కల కిందికి వచ్చేకొద్దీ ఇంకా పొట్టిగా కత్తిరించే కటింగ్) చేయించుకోవడమే అలవాటు. పోయిన దసరా అప్పుడు కత్తిరించడం మానేసి, లాక్స్ పెంచుతానన్నారు. జుట్టు పాయలు పాయలుగా చిక్కుపడి తాళ్లలా గట్టిపడితే వాటినే లాక్స్ అంటారు. ఇక్కడ సెలూన్‌లో వాటిని మొదలుపెట్టించాలంటేనే వంద డాలర్లు దాటుతుంది, ఆ తర్వాత ప్రతి రీట్విస్ట్‌కీ (పెరిగిన కుదుళ్లని మళ్లీ తిప్పడానికి) వేరే ఖర్చు. నాకు జడలల్లడం ఎప్పటి నుంచో సరదా. ఆ తల నాకు అప్పగించమన్నాను. గురువు మా అత్తగారు. వంటింట్లో కుర్చీ వేసి ఇంటిల్లిపాదికీ జడలల్లిన చేయి ఆవిడది.

జనవరి

జుట్టు లాగి పట్టుకుంటే రెండున్నర అంగుళాలు. వదిలితే ముడుచుకుపోయి అంగుళం కూడా కనిపించదు. జుట్టు రకాల చార్టుల్లో 4సీ అంటారే, అన్నిటికంటే బిగువుగా మెలికలు తిరిగిన ఆ రకం. ఇంత పొట్టి జుట్టుకి రెండు దార్లున్నాయి. ఒకటి కోంబ్ కాయిల్స్: సన్న దువ్వెనని కుదురు దగ్గర పెట్టి గుండ్రంగా తిప్పుకుంటూ కొస దాకా దిగడం. అంగుళం జుట్టున్నా కుదురుతుంది, చక్కగా కనిపిస్తుంది, కానీ తలంటగానే విప్పుకుంటుంది. రెండోది రెండు పాయల మెలిక, ఇక్కడ టూ-స్ట్రాండ్ ట్విస్ట్ అంటారు. దీనికి కనీసం రెండంగుళాలు కావాలి, నీళ్లకి బాగా తట్టుకుంటుంది. మా ఆయన వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్లి చెమటోడుస్తారు కాబట్టి ఇదే ఎంచుకున్నాం. మెలికల ఆనవాళ్లు కొసల్లో చాలా నెలలు కనిపిస్తాయి. అది ఇష్టం లేనివాళ్లు కాయిల్స్ చేయించుకోవడం మేలు.

ముందు పాత జెల్, క్రీమ్ అంతా పోయేలా క్లారిఫయింగ్ షాంపూతో తలంటాం. కండిషనర్ పెట్టలేదు. జుట్టు మెత్తబడి జారితే మెలిక నిలవదు.

అసలు పనంతా పాపిడులు తీయడంలో ఉంది. మెలి తిప్పడం ఎవరైనా నేర్చుకుంటారు, కానీ ఇవాళ పాపిడులతో తీసిన గడి ఎంతుంటే రేపటి లాక్ మందం అంత. తర్వాత మార్చాలంటే తిప్పలు. మెడ వెనక నుంచి మొదలుపెట్టి అర అంగుళం గళ్లు తీశాను. ఒక్కో వరసనీ కింది వరస సందుల మీదకి వచ్చేలా, గోడకి ఇటుకలు పేర్చినట్టు జరిపాను. నిలువు గీతల్లో తీస్తే నెత్తి మీద తెల్లటి దారులు కనిపిస్తాయి. నుదుటి దగ్గరా కణతల దగ్గరా జుట్టు పలచన, అక్కడ గళ్లు కొంచెం పెద్దవి.  మధ్యాహ్నమంతా దీనికే సరిపోయింది.

ఒక్కో గడికీ స్ప్రే సీసాతో నీళ్లు, వేలి కొసన కొంచెం కలబంద జెల్. కుదురు దగ్గర కుడివైపు నాలుగైదు చుట్లు తిప్పి, రెండు పాయలు చేసి, ఒక్కో పాయనీ కుడివైపే తిప్పుతూ రెంటినీ ఎడమవైపు పెనవేయాలి. అలా ఎదురెదురుగా తిరిగితేనే పట్టు. కొసని వేలికి చుట్టి వదిలేయాలి. ఆరేదాకా కుదురు దగ్గర బాతుముక్కులా ఉండే డక్‌బిల్ క్లిప్పు పెట్టాను. కుడివైపు తిప్పానన్న సంగతి పుస్తకంలో రాసుకున్నాను. ప్రతి రీట్విస్ట్‌కీ అదే వైపు తిప్పకపోతే కుదురు వదులైపోతుంది.

జెల్ ఇంట్లోనూ చేసుకోవచ్చు. పావు కప్పు అవిసె గింజలు, రెండు కప్పుల నీళ్లు, గరిటె ఎత్తితే తీగ సాగేదాకా సన్న మంట మీద ఉడికించి, వేడిగా ఉండగానే వడకట్టాలి. చల్లారితే గింజల్ని వదలదు. ఫ్రిజ్‌లో వారం కంటే ఉంచను. ఎక్కువ రాస్తే ఆరాక పొట్టులా రాలుతుంది, అది చూసి చుండ్రు అనుకుంటారు. తేనెమైనం ఉన్న డబ్బాలు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. లాక్ లోపలికి ఒకసారి వెళ్లిన మైనం షాంపూకి లొంగదు.

ఫిబ్రవరి

మొదటి రెండు వారాలు తడి తగలనివ్వలేదు, తర్వాత తలంటాం. షాంపూని నీళ్లలో కలిపి మూతకి సన్న ముక్కున్న సీసాలో పోసి, తలకి నైలాన్ స్టాకింగ్ తొడిగి పైనుంచే నెత్తికి పట్టించాను. అయినా కొన్ని విప్పుకున్నాయి, మళ్లీ తిప్పాను. ఈ దశలో అది మామూలే. తుడవడానికి పాత కాటన్ టీషర్టు. తువ్వాలు నూగు వదులుతుంది, నల్లటి లాక్‌లో తెల్లటి నూగు ఇరుక్కుంటే పట్టకారుతో లాగాలి. రాత్రిళ్లు శాటిన్ డ్యూరాగ్ (తలకి బిగుతుగా కట్టుకునే గుడ్డ).

మా అమ్మ గుంటూరు నుంచి వీడియో కాల్‌లో చూసి, "నెత్తి ఎండిపోతోందే, కొబ్బరి నూనె దట్టంగా పెట్టమ్మా" అంది. ఎండిపోవడం నిజమే. నెత్తిలో ఊరే నూనె మన జుట్టులో కొసదాకా జారుతుంది. ఇంత బిగువుగా మెలిక తిరిగిన వెంట్రుక మీద దిగలేక పైనే ఆగిపోతుంది. అయితే దానికి మందు నూనె కాదు, నీళ్లు. ఒకరోజు విడిచి ఒకరోజు నీళ్లలో కొంచెం రోజ్ వాటర్ కలిపి చల్లి, పాపిడుల్లో మాత్రం నాలుగు చుక్కల జొజోబా నూనె రాస్తాను. దట్టంగా నూనె పెడితే మెలికలు జారిపోతాయి, దుమ్ము పేరుకుంటుంది. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

మార్చి, ఏప్రిల్

తల బాగా రేగిపోయింది. చూసినవాళ్లకి తీరిక లేక వదిలేసినట్టు ఉంటుంది, నాకు మాత్రం ఈ రెండు నెలలే ఇష్టం. ఎందుకంటే వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుని చిక్కుపడటం ఇప్పుడే మొదలవుతుంది. మెలిక మధ్యలో వేళ్లతో నొక్కితే చిన్న గింజంత ముడి తగులుతోంది. బడ్డింగ్ అనేది ఈ దశనే. రేగిన వెంట్రుకల్ని చూసి కంగారుపడి వారం వారం తిప్పితే కుదురు సన్నబడి తెగుతుంది. మేము అయిదారు వారాలకోసారి తప్ప ముట్టుకోవడం లేదు.

బిగింపు గురించి అత్తగారు గట్టిగా చెప్పారు: "నొప్పి మాత్ర వేసుకోవాల్సి వచ్చిందంటే నువ్వు తప్పు చేసినట్టే." కుదుళ్ల దగ్గర చిన్న పొక్కులు లేచినా, కనుబొమలు పైకి లాగినట్టున్నా వదులు చేయాల్సిందే. ఎక్కువ కాలం అలా లాగితే కణతల దగ్గర జుట్టు ఊడి, మళ్లీ రాకుండా పోతుంది. ట్రాక్షన్ అలోపీషియా అని డాక్టర్లు అనేది దాన్నే.

ఆఫీసు గురించి మా ఆయనకి మొదట కాస్త టెన్షన్ ఉండేది. జుట్టు తీరుని బట్టి వివక్ష చూపకూడదనే క్రౌన్ చట్టం ముందుగా 2019లో కాలిఫోర్నియాలో వచ్చింది. టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. అల్లికలు, లాక్స్, ట్విస్ట్‌లు మూడూ అందులో ఉన్నాయి. కానీ జుట్టు పొడవు మాట అందులో లేదు. హ్యూస్టన్‌కి తూర్పున ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ మగపిల్లల జుట్టు పొడవు మీద పెట్టిన నిబంధన ఆ చట్టానికి విరుద్ధం కాదని 2024 ఫిబ్రవరిలో ఒక జడ్జి తీర్పిచ్చారు. అందుకే పిల్లలకి లాక్స్ మొదలుపెట్టే ముందు స్కూల్ డ్రెస్ కోడ్ చదవమని చెబుతుంటాను. మా ఆయన ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు.

మే, జూన్

హ్యూస్టన్ ఎండాకాలం, గాల్లో తేమ. పైన ఆరినట్టున్నా లాక్ లోపల తడి ఉండిపోతే ముక్కవాసన వస్తుంది. కాబట్టి రాత్రిపూట తలంటడం మానేశాం. పొద్దున తలంటి, టీషర్టుతో పిండి, హుడ్ డ్రయ్యర్ (తల మీద టోపీలా దిగే డ్రయ్యర్) కింద తక్కువ వేడిలో కూర్చోబెడతాను. చెమటకి పక్కపక్క కుదుళ్లు అతుక్కుంటున్నాయి. తలంటిన ప్రతిసారీ, తడిగా ఉండగానే వేళ్లతో వాటిని విడదీయాలి. వదిలేస్తే రెండు లాక్‌లు ఒకటైపోతాయి.

పొడవు పెరిగినట్టు అనిపించదు. నెలకి అర అంగుళం చొప్పున పెరుగుతున్నా, చిక్కుపడేటప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. జనవరి ఫొటో పక్కన పెడితే మందం మాత్రం తెలుస్తోంది.

మెడ వెనక రెండు లాక్‌లు మిగతావాటి కంటే సన్నగా ఉన్నాయి. రెంటినీ కలిపి ఒకటి చేసేయమని అత్తగారు, అలాగే వదిలేయమని మా ఆయన. జూలై రీట్విస్ట్ నాటికి కుదుళ్లు బలంగా ఉంటే వదిలేస్తాను, లేకపోతే అత్తగారి మాటే.