టూరిజం సైట్ ముందు చెప్పాల్సింది: ఇవాళ తెరిచి ఉందా, లేదా?

విజయవాడలో పొద్దున రైలు దిగి, సాయంత్రం బండి ఎక్కేలోపు ఆరు గంటలు చేతిలో ఉన్న మనిషి ఫోన్‌లో వెతికేది ‘ఉండవల్లి గుహలు టైమింగ్స్’ అని. ‘ఆంధ్ర శిల్పకళా వైభవం’ అని కాదు. జవాబు ప్రభుత్వ సైట్‌లో దొరక్కపోతే ఏదో యూట్యూబ్ వీడియోలో దొరుకుతుంది, మూడేళ్ల నాటి టికెట్ రేటుతో సహా.

వర్ణనలు ఎవరైనా రాస్తారు. ఖాయంగా చెప్పగలిగేది మాత్రం సర్కారు సైటే. భవానీ ద్వీపం సంగతే చూడండి. కృష్ణకు వరదొస్తే బోట్లు ఆపేస్తారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చినప్పుడు ద్వీపమే మునిగింది. అలాంటి రోజుల్లో హోమ్‌పేజీ నెత్తిన ‘ఇవాళ బోట్లు లేవు’ అన్న ఒక్క లైను, పక్కన తేదీ ఉంటే చాలు. వచ్చి రేవు దగ్గర నుంచి వెనక్కి పోయినవాడు మళ్లీ ఆ సైట్‌ను నమ్మడు. అమరావతి మ్యూజియానికి శుక్రవారం సెలవన్నదీ ఇలాంటిదే. అది పేజీ అడుగున కాదు, పేరు కిందే ఉండాలి.

ఇక జిల్లాల గొడవ. 2022 ఏప్రిల్ విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. బ్యారేజీ దాటితే వచ్చే ఉండవల్లి గుంటూరు జిల్లాలోనే ఉంది. అమరావతి స్తూపం, కొండవీడు కోట పల్నాడుకు పోయాయి, సూర్యలంక బీచ్ బాపట్లకు. సైట్‌ను జిల్లాలవారీగా విడగొడితే ‘గుంటూరు’ నొక్కినవాడికి అమరావతి కనపడదు. యాత్రికుడికి కలెక్టరేట్‌తో పనేముంది? అతని లెక్కంతా బస్టాండు నుంచి. ‘విజయవాడ నుంచి ఒక పూట’, ‘గుంటూరు నుంచి ఒక రోజు’ అని పేజీలు కట్టి, ఒకే చోటును రెండింట్లోనూ చూపించాలి. కొండపల్లి పేజీలో కోట కొండ మీద, బొమ్మల దుకాణాలు కింద ఊళ్లో అని విడిగా రాసి, రెండింటికీ వేరే మ్యాప్ పిన్నులు ఇవ్వాలి.

సమాచారం ఉండి కూడా కనపడకపోవడానికి కారణాలు మామూలువే. టికెట్ ధరలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉంటాయి, గూగుల్‌కు సరిగా అందవు. ఫోన్ నంబరు ఫొటోలో ఉంటుంది, నొక్కితే కాల్ పోదు. డీటీపీలో, అంటే ప్రింటింగ్ పనికి, అను అనే పాత రకం ఫాంట్లతో కొట్టిన తెలుగును తెచ్చి సైట్‌లో అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి. ఫోన్లన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి. ఐదు ఎంబీల ఫొటో రైల్లో తెరుచుకోదు, 200 కేబీకి దించండి. ధర ఒకే చోట రాసి మిగతా పేజీల నుంచి దానికి లింకివ్వాలి. నాలుగు చోట్ల రాస్తే, మారినప్పుడు మూడే దిద్దుతారు.

దసరాకి ఇంద్రకీలాద్రి దారి మళ్లింపులు, పార్కింగ్ చోట్లు రోజువారీగా పెట్టాలి, మూలా నక్షత్రం రోజు రద్దీ సంగతి ముందే చెప్పాలి. విజయదశమి వెళ్లిన మర్నాడు ఆ బ్యానర్ తీసేయాలి. సంక్రాంతికి వచ్చేవాడికి దసరా బ్యానర్ కనపడితే, దాని కింద ఉన్న టైమింగ్స్ కూడా పాతవే అనుకుంటాడు.